గొడ్డలి పడ్డ చోటు

షాద్రాక్ కమ్మరి నాకు గొప్ప మేలు చేశానని ఈనాటికీ ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. సంతలో చెబుతాడు. మిల్లు దగ్గర చెబుతాడు. ఆదివారం ప్రార్థన ముగిశాక మందిరం గోడకి చేరగిలబడి, వినేవాడు ఒక్కడు దొరికితే చాలు, నా పేరెత్తి చెబుతాడు. గ్విలిమ్‌కి కొండ మీద ఇల్లు ఎలా వచ్చిందనుకున్నారంటూ చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపిస్తాడు. ఆ కండే నన్ను నిలువునా ముంచింది. వాడు చెప్పే కథ ఎప్పుడూ మూడో విసురు దగ్గర ఆగిపోతుంది. నాలుగో విసురు సంగతి నేను చెబుతాను. నవ్వకుండా అది చెప్పగలిగినవాణ్ణి ఈ కొండ మీద నేనొక్కణ్ణే.

మాకొక పాత కట్టుబాటు ఉంది. ఉమ్మడి బీడులో పొద్దుగూకాక పని మొదలుపెట్టి, మళ్ళీ పొద్దు పొడిచేలోగా నాలుగు గోడలు లేపి, పైన కప్పు వేసి, పొగగొట్టంలోంచి పొగ రప్పించగలిగితే ఆ ఇల్లు కట్టుకున్నవాడిదే. జమీందారు వచ్చినా, జమీందారు తాత వచ్చినా కదపలేడు. చుట్టూ నేల మాటకొస్తే, నాలుగు గోడల దగ్గరా నిలబడి నాలుగు వైపులకీ గొడ్డలి విసరాలి. అది పడ్డ చోట రాయి పాతాలి. నాలుగు రాళ్ళ మధ్యా తాడు లాగితే లోపలున్నదంతా మనది. ఒక్కో వైపుకి ఒక్కటే విసురు. విసిరేది ఇంటివాడే కానక్కర్లేదు, చేవ ఉన్న చెయ్యి ఎవరిదైనా తెచ్చుకోవచ్చు. ఇదంతా చట్టంలో ఎక్కడా లేదని పట్నం లాయర్లు అంటారట. వాళ్ళ చట్టం ఇంగ్లీషులో ఉంటుంది, మాకు రాదు. మా ఊళ్ళో సగం ఇళ్ళు ఇలాగే లేచాయి.

రాణిగారు గద్దెనెక్కిన కొత్తల్లో నేను హెన్‌బాంట్ కమతంలో పాలేరుని. గుర్రాల కొట్టం పైన అటక మీద నా పడక. అదే కమతంలో పాలు పితికే లౌరి నన్ను చేసుకుంటానంది. వాళ్ళమ్మ మార్గెడ్ ఒప్పుకోలేదు. గుర్రం సకిలిస్తే గానీ నిద్ర లేవనివాడికి పిల్లనెలా ఇస్తానంది. పోను పోను కాస్త మెత్తబడి షరతు పెట్టింది. ఇల్లు ఎలాంటిదైనా సరే, ఏడాది పొడుగునా తినడానికి సరిపడా బంగాళాదుంపలు పండే నేల చూపించాలి. రాళ్ళూ పొదలూ చూపిస్తే కుదరదు, స్వయంగా వచ్చి పార గుచ్చి చూస్తుందట.

మార్గెడ్ అన్నదంటే అన్నదే. ఇలా రాత్రికి రాత్రే లేపే రాత్రి ఇల్లు ఆ కొండ మీద మొట్టమొదట కట్టినవాడు ఆమె తండ్రి. కట్టుబాటులో ఏ పీటముడి పడ్డా పెద్దమనుషులు సైతం వచ్చి ఆమె గుమ్మం ముందు టోపీ తీసి నిలబడేవాళ్ళు. పెన్‌లాన్ ఇలియాస్ విసిరిన గొడ్డలి బండకి తగిలి, ఆగకుండా వాలులో కిందికి దొర్లుకుంటూ పోయినప్పుడు, దొర్లింది కూడా లెక్కలోకే వస్తుందని తీర్పు చెప్పింది ఆవిడే. ఆ దొర్లుడులో ఇలియాస్‌కి మేకల దొడ్డికి సరిపడా నేల కలిసొచ్చింది.

నేను చోటు చూసిపెట్టుకున్నాను. ఉత్తరాన ముళ్ళపొదలు. తూర్పున జారిపడిన రాళ్ళు. పడమర కాలు పెడితే మోకాలి దాకా దిగే బురద. దక్షిణాన మాత్రం వాగు దాకా చదునుగా నల్లటి నేల, మధ్యలో ఎండాకాలం కూడా ఎండని ఊట. పార దింపి చూశాను, వెన్నలో దిగినట్టు దిగింది. ఆ ఒక్క వైపు కోసమే మిగతా మూడు వైపులూ భరిద్దామనుకున్నాను. వాగు దాకా విసరాలంటే మాత్రం నా చెయ్యి చాలదు. అందుకని షాద్రాక్ దగ్గరికి వెళ్ళాను. సమ్మెటని రోడ్డు ఇవతల నుంచి అవతలి చెట్ల మీదికి విసిరి పందేలు గెలిచే మనిషి వాడు. ఉప్పు పట్టించిన పంది తొడ ఒకటీ, తాగగలిగినంత బీరూ అడిగాడు. తాగగలిగినంత అంటే ఎంతని నేను అడగలేదు. అడగాల్సింది.

జూన్ సంత రోజు ఎంచుకున్నాం. జూన్‌లో రాత్రి మరీ పొట్టిదని తెలుసు. కానీ ఆ ఒక్క రోజే జమీందారు దివాను ప్యూ పట్నంలో సత్రంలో పడుకుంటాడు. మిగతా రోజుల్లో వాడి కన్ను కొండ మీదే. పుట్టింది మా కొండ మీదే అయినా జమీందారు ఉప్పు తింటున్నాడు కదా. ముందే తయారుచేసుకున్న తలుపూ కిటికీ దూలాలూ కమతం గడ్డివాము వెనక దాచాం. తలుపు వీపు మీద మోసుకుపోతుంటే ఒకరోజు ఆ ప్యూయే ఎదురై ఏమిటది అని అడిగాడు. పందుల తొట్టికి మూత అన్నాను. మీ పందులు గొళ్ళెం కూడా వేసుకుంటాయా అని అడిగి వెళ్ళిపోయాడు.

సంత నుంచి జనం తిన్నగా బీడుకే వచ్చారు. ఆడా మగా కలిసి ముప్ఫై మంది దాకా ఉంటారు, అందరికీ అప్పటికే సంత బీరు మోకాళ్ళలోకి దిగింది. పొద్దు కొండ వెనక్కి జారగానే పారలు లేచాయి. గడ్డితో సహా మట్టిపెళ్ళలు కోసేవాళ్ళు కోస్తున్నారు, మోసేవాళ్ళు మోస్తున్నారు, గోడ పెట్టేవాళ్ళు పెడుతున్నారు. చప్పుడు చెయ్యకూడదని అందరితోనూ ఒట్టు వేయించాను. కానీ మావాళ్ళకి పాట లేకుండా పని సాగదు. మందిరంలో పాటలెత్తే ఎలైజా గుసగుసగా ఒక కీర్తన ఎత్తాడు. ఎలైజా గుసగుస అంటే బావిలో పడ్డ ఎద్దు అరిచినట్టుంటుంది. కొండ కింద కుక్కలన్నీ అందుకున్నాయి. అక్కణ్ణుంచి ఇక ఎవరూ గుసగుసలాడలేదు.

చీకట్లో, ఆ ఊపులో, తలుపు తలకిందులుగా బిగించారు. ఈనాటికీ మా గొళ్ళెం మోకాలి ఎత్తులో ఉంటుంది, వంగి దణ్ణం పెట్టినట్టు తియ్యాలి. కిటికీ పెట్టాక చూస్తే లోపల ఒక మనిషి ఎక్కువయ్యాడు. పక్క కొండకి చెందినవాడట, దారి తప్పి వచ్చి, ఏం జరుగుతోందో తెలియకపోయినా చేతికందిన పెళ్ళలు మోస్తూ ఉండిపోయాడు. రెల్లు కప్పు మీద నలుగురు ఎక్కి తొక్కుతుంటే ఒకడు జారి, కింద కూర్చుని మట్టి కలుపుతున్న మార్గెడ్ ఒళ్ళో పడ్డాడు. ఆవిడ వాణ్ణి ఒక పక్కకి దొర్లించి, పని ఆపకుండానే, దూలాలు ఇంకాస్త దగ్గరగా వెయ్యమని పైకి కేకేసింది.

నాకు మాత్రం నవ్వు రాలేదని చెప్పను. ఆ రాత్రి నేనూ నవ్వాను. పెళ్ళల బరువుకి వీపు విరిగిపోతున్నా, పక్కన లౌరి బురదచేత్తో నా మెడ మీద కొడుతుంటే, ఇంకొన్ని గంటల్లో నాకూ ఒక నేల ఉంటుందని ఒళ్ళంతా చక్కిలిగిలిగా ఉండింది.

తూర్పున తెలుపు రేఖ లేచేసరికి ఇల్లు నిలబడింది. కాస్త పడమరకి వాలినా నిలబడింది. ఇక పొగ రావాలి. పొయ్యి వెలిగిస్తే వెలగదు. మంచుకి పుల్లలన్నీ తడిసిపోయాయి. ఆరుగురం నేల మీద బోర్లా పడుకుని ఊదాం. ఎలైజా తన టోపీ తెచ్చి పొయ్యిలో పడేశాడు. లౌరి కాళ్ళకున్న చెక్కచెప్పులు విడిచి విసిరింది. అది చూసి ఇంకొకరు, ఆమెని చూసి ఇంకొకరు. చూస్తుండగానే ముప్ఫై మందీ వట్టికాళ్ళతో నిలబడ్డారు, పొయ్యి భగ్గుమంది.

మంట వచ్చింది గానీ పొగ గొట్టంలోంచి రాదు. ఇల్లంతా నిండింది, తలుపులోంచి వచ్చింది, కిటికీలోంచి వచ్చింది, గోడ సందుల్లోంచి కూడా వచ్చింది. గొట్టం మాత్రం పొడిగా, ప్రశాంతంగా ఉంది. కట్టుబాటు ప్రకారం గొట్టంలోంచే రావాలి. తూర్పు ఎర్రబడుతోంది. అందరం దగ్గుతూ బయటికి వచ్చి పైకి చూస్తే, గొట్టం మీద పీట మీద కూర్చున్నట్టు షాద్రాక్ కూర్చుని ఉన్నాడు. సూర్యుడు వస్తున్నాడో లేదో చూసి చెప్పమని వాణ్ణి పైకెక్కించింది నేనే.

"దిగరా, నీ పుణ్యం ఉంటుంది" అన్నాను.

"ఎందుకురా, ఇక్కడ వెచ్చగా బావుంది" అన్నాడు.

ఎలైజా నిచ్చెనెక్కి కాలు పట్టి లాగాడు. షాద్రాక్ రెల్లు మీంచి జారుతూ వచ్చి కింద పడ్డాడు. సీసా బిరడా తీసినట్టు పొగ గుప్పున పైకి లేచింది. ఆ పొగ మీదే మొదటి ఎండ పడింది. జనం పెట్టిన కేకకి కొండ అవతల గొర్రెలు పరుగెత్తాయి.

సరిగ్గా అప్పుడే ప్యూ గుర్రం మీద పైకి వచ్చాడు. ఎలైజా గుసగుస సత్రం దాకా వినిపించిందన్నాడు. అది నిజమే అయుంటుంది. ఇంటిని చూశాడు, పొగని చూశాడు, సూర్యుణ్ణి చూశాడు, వట్టికాళ్ళ జనాన్ని చూశాడు. గుర్రం దిగి, పొగ వచ్చింది కాబట్టి ఇంటి గురించి తనకి మాట లేదన్నాడు. అలా అన్నాక వెళ్ళిపోవచ్చు కదా. వెళ్ళలేదు. బండ మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన బీరు అందుకుని, ఇక విసరండి, చూస్తానన్నాడు.

దక్షిణం వైపు ముందు విసరమని నేను అడిగాను. షాద్రాక్ ఒప్పుకోలేదు. మొదటి విసురుకి చెయ్యి ఇంకా నిద్రలో ఉంటుందట, నాలుగో దానికి గానీ పూర్తిగా లేవదట. మంచి నేలని మంచి విసురు కోసం దాచుకోమన్నాడు. చూస్తే సబబుగానే ఉంది. అంతా తలాడించారు.

ఉత్తరం వైపు విసిరాడు. గొడ్డలి పొదల మీదుగా పిట్టలా పోయింది. జనం పరుగెత్తి వెళ్ళి రాయి పాతారు. తూర్పు వైపు విసిరాడు. అది ఇంకా దూరం. పడమర విసిరింది బురద దాటి అవతలి గట్టు మీద నాటుకుంది. అది పీక్కురావడానికి వెళ్ళినవాణ్ణి పీక్కురావడానికి మరో ఇద్దరు వెళ్ళాల్సొచ్చింది. విసురు విసురుకీ జనం ఒక చరణం పాడుతున్నారు, షాద్రాక్ ఒక చెంబు బీరు తాగుతున్నాడు. లౌరి లోపల పొయ్యి మీద పెద్ద ఇనప గుండిగ వేలాడదీసి, పని చేసినవాళ్ళందరికీ పంది మాంసమూ ఉల్లికాడలూ వేసి పులుసు కాస్తోంది. మిగిలింది దక్షిణం.

షాద్రాక్ తలుపు ముందు నిలబడి వాగు వైపు చూశాడు. నేను వాడి పక్కనే ఉన్నాను. మామూలుగా, తూర్పుకి విసిరినట్టు విసిరితే చాలని మెల్లిగా చెప్పాను. సరేనని చెయ్యి వెనక్కి తీశాడు. విసిరేసేవాడే. అప్పుడు ప్యూ బీరు చెంబు పక్కన పెట్టి నోరు తెరిచాడు.

"వాగు దాకా పోదులే షాద్రాకూ. మీ నాన్న అయితే పంపేవాడు."

షాద్రాక్ చెయ్యి దించేశాడు. వాళ్ళ నాన్న పేరెత్తితే వాడికి ఒళ్ళు తెలియదని కొండ మీద అందరికీ తెలుసు, ప్యూకి ఇంకా బాగా తెలుసు. వాగు దాకా కాదు, వాగు అవతల జమీందారు చేపల చెరువులో పడేస్తానన్నాడు. సంతలో సమ్మెట విసిరే పద్ధతిలో విసురుతాడట. అంటే, రెండు చేతులతో పట్టుకుని, బొంగరంలా తన చుట్టూ తాను తిరిగి తిరిగి వదిలెయ్యడం.

"అన్నా, నీకు దణ్ణం పెడతాను, తిరగకు. నిలబడి విసురు" అన్నాను.

"నువ్వు పక్కకి జరగరా తమ్ముడూ, నీ నేల పెరగబోతోంది" అన్నాడు.

తిరగడం మొదలుపెట్టాడు. జనం కీర్తన ఎత్తారు. వాడు నెమ్మదిగా తిరుగుతుంటే నెమ్మదిగా పాడారు, వేగం పెంచితే వేగంగా పాడారు. ఎవరి వేగం ఎవరిని తోసిందో చెప్పలేను. ఎలైజా చప్పట్లు కొడుతూ ఇంకా ఇంకా అంటున్నాడు. గొడ్డలి ముఖం మీదుగా రయ్యిమన్న ప్రతిసారీ ముందు వరసలో ఉన్నవాళ్ళు కూర్చున్నారు, తర్వాత పడుకున్నారు. షాద్రాక్ మొహం ఒకసారి ఎర్రగా, ఒకసారి ఆకుపచ్చగా కనిపించింది. వాగు ఎటుందో వాడికి అప్పటికే తెలియదు, వాడి కళ్ళలో నాకు కనిపించింది. నేను వాగు వైపు నిలబడి రెండు చేతులూ ఊపుతూ ఇటు, ఇటు అని అరిచాను.

వాడు అటు వదిలాడు.

గొడ్డలి నిటారుగా లేచింది. అంత ఎత్తు విసురు నేను మళ్ళీ చూడలేదు. ఎండలో మెరుస్తూ, తిరుగుతూ, మా తలల మీదుగా వెనక్కి పోయింది. ముప్ఫై తలలూ దానితో పాటే తిరిగాయి. కాసేపు ఆకాశంలో ఆగి ఆలోచించుకున్నట్టుంది. తర్వాత దిగి, మేం ఒక రాత్రంతా తొక్కి తొక్కి గట్టిచేసిన రెల్లు కప్పులోంచి దూరి ఇంట్లోకి వెళ్ళింది. లోపల గంట కొట్టినట్టు ఒక మోత.

లౌరి లోపలుంది. నేను పరుగెత్తేలోపే తలుపు తెరుచుకుంది. వంటి మీద ఉల్లికాడల ముక్కలతో, చేతిలో గరిటెతో లౌరి వచ్చి గడప మీద నిలబడింది. గిన్నెల కోసం మూలకి వెళ్ళడం వల్ల బతికిపోయింది.

"గొడ్డలి ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి, ఉడికింది" అంది.

ఎలైజా నవ్వు పట్టలేక నేల మీద పడి గడ్డి పీకుతున్నాడు. ప్యూ గుర్రం మెడ కౌగిలించుకుని ఏడుస్తున్నాడు. షాద్రాక్ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు, ఆగడం చేతకాక. లౌరి అందరి మొహాలూ చూసి, జరిగింది అర్థమై, గరిటె పట్టుకునే కూలబడి నవ్వింది. నేనొక్కణ్ణే వాగు వైపు నిలబడి ఉన్నాను, చేతులు ఇంకా పైకెత్తే.

మళ్ళీ విసరాలన్నాను. అది విసురే కాదన్నాను. ప్యూ కళ్ళు తుడుచుకుని, కట్టుబాటు మీది, నాదేముంది, పెద్దావిడని అడగండన్నాడు. అందరం మార్గెడ్ వైపు చూశాం. ఆవిడ లోపలికి వెళ్ళి గుండిగలోకి తొంగి చూసి వచ్చింది. ఒక్కో వైపుకి ఒక్కటే విసురు, ఆగిన చోటే హద్దు అంది. దక్షిణపు హద్దు పులుసులో ఉందంది.

అప్పుడు నాకు ఇలియాస్ గొడ్డలి గుర్తొచ్చింది. దొర్లింది కూడా లెక్కే కదా. అయితే నా గొడ్డలి ఇంకా ఆగలేదు. గుండిగలో ఉంది, గుండిగ కదులుతుంది. ఇంకేం ఆలోచించకుండా లోపలికి దూరి, పైచొక్కా చేతులకి చుట్టుకుని, మరిగే గుండిగని కొక్కెం నుంచి దించి, ఎత్తుకుని వాగు వైపు పరుగెత్తాను. పరుగెత్తానని అన్నాను గానీ, తలుపు దాకా వచ్చాను. పులుసు పొట్ట మీద ఒలుకుతోంది, గొడ్డలి కర్ర నా చెవి మీద కొడుతోంది. వెనక జనం మళ్ళీ కీర్తన ఎత్తారు. గడప మీద మార్గెడ్ అడ్డం నిలబడింది.

"దొర్లితే లెక్క. మోసుకుపోతే కాదు. పులుసు లోపల పెట్టబ్బాయ్, జనం ఆకలి మీదున్నారు."

"అత్తా, నీ కూతురి కోసం అడుగుతున్నాను. ఒక్క విసురు" అన్నాను.

ఆవిడ మొహంలో ఏదో మెత్తబడింది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ప్యూ కూడా చూశాడు. చూసి, మీసాలకంటిన బీరు తుడుచుకుని, తేనె పూసినట్టు మాట్లాడాడు.

"మళ్ళీ విసరండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే మీ ఒక్కరికే ఎందుకు, కొండ మీద అందరికీ మళ్ళీ విసిరిద్దాం. ఇవాళే మొదలెడతాను, ఇలియాస్ దొడ్డి దగ్గర్నుంచి."

నవ్వు ఆగింది. అక్కడున్నవాళ్ళలో సగం మంది రాత్రి ఇళ్ళవాళ్ళే. వాళ్ళ హద్దులన్నీ తండ్రులో, చచ్చిపోయిన అన్నలో, మంచి వయసులో ఉండగా విసిరినవి. ఇప్పుడు విసిరితే ఎవరి గొడ్డలి ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు. రాత్రంతా నా కోసం వీపులు విరగ్గొట్టుకున్నవాళ్ళు, చెప్పులు తగలేసుకున్నవాళ్ళు, ఒక్కొక్కరూ నేల చూపులు చూశారు. చివరికి ఎలైజా వచ్చి నా భుజం మీద చెయ్యేసి, ఇల్లు బావుంది నాయనా అన్నాడు. అంతటితో తీర్పు అయిపోయింది.

తాడు లాగారు. తూర్పు రాయి దగ్గర మొదలై, కిటికీలోంచి ఇంట్లోకి వచ్చి, పొయ్యి కొక్కేనికి ఒక చుట్టు తిరిగి, పడమటి గోడ సందులోంచి బయటికి పోయింది. ఇల్లు మొత్తం నాదే, పొగ వచ్చింది కాబట్టి. నేల మాత్రం పొయ్యికి ఉత్తరాన ఉన్నదే నాది. తలుపు తెరిచి కాలు బయట పెడితే జమీందారు నేల. తలుపుకి అద్దె అడగనులే అని ప్యూ పెద్దమనసు చూపించాడు. జనం తాడుకి రెండు వైపులా కూర్చుని పులుసు తిన్నారు. నువ్వు ఏ దేశంలో తింటున్నావని ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటూ తిన్నారు. గొడ్డలి రుచి వచ్చిందని రెండోసారి వడ్డించుకున్నారు.

మార్గెడ్ పార తీసుకుని ఉత్తరం వైపు వెళ్ళింది. మూడు చోట్ల గుచ్చింది, మూడు చోట్లా రాయి ఖంగుమంది. తిరిగొచ్చి లౌరితో, నేను పెట్టిన షరతు నీకు తెలుసు కదమ్మా అంది. నేను తల దించుకుని నిలబడ్డాను. లౌరి గిన్నె నాకుతూ, ఈ కొండ మీద తనని ఇంత నవ్వించిన మొగాడు ఇంకొకడు లేడంది. నేల లేకపోతే మానె, తను ఇక్కడే ఉంటానంది. నేను నవ్వించలేదని చెప్పబోయాను. చెప్పనివ్వలేదు. వేసవి వెళ్ళకముందే మా పెళ్ళయింది. ఇన్నేళ్ళయినా పులుసు కాచిన రోజున కప్పు వైపు ఒకసారి చూసి, తనలో తను నవ్వుకుంటుంది.

దాంతో పోయుంటే నేనూ ఏదో ఒకలా మర్చిపోయేవాణ్ణి. ప్యూ ఈ కథని జమీందారు ఇంట్లో చెప్పాడు. దొరసాని విని కుర్చీలోంచి జారిపడిందట. గొడ్డలి విసిరిన మనిషికి ఏదైనా బహుమానం ఇవ్వమందట. ఆ ఏడు కోతలయ్యాక, దక్షిణాన వాగు దాకా ఉన్న నల్ల నేల, మధ్యలో ఊటతో సహా, షాద్రాక్ కమ్మరికి నామమాత్రం కౌలుకి రాసిచ్చారు. వాడు తీసుకున్నాడు. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. బంగాళాదుంపలు వేశాడు. పసిపిల్లల తలలంత పెద్దవి పండాయి.

మా తలుపు ఇంకా అటే తెరుచుకుంటుంది. ఉత్తరం వైపు వేరే తలుపు పెట్టుకోమని లౌరి అంటుంది, నేను పెట్టను. పొద్దున్నే గొళ్ళెం కోసం వంగి తలుపు తీస్తే, నా గడప అంచు దాకా దున్నేసి, పార మీద చేతులానించుకుని షాద్రాక్ నిలబడి ఉంటాడు. ఏం తమ్ముడూ, బాగా పట్టిందా నిద్ర అంటాడు. వాగు దాకా నీకు దక్కుంటే ప్యూ కోర్టుకెక్కేవాడు, ఇల్లు కూడా పోయేది, నేను తిరిగాను కాబట్టి బతికావు అంటాడు. అది వాడు నిజంగానే నమ్ముతున్నాడు. సాయంత్రం ఒక బుట్ట దుంపలు గడప మీద పెట్టి పోతాడు, లౌరి లోపలికి తెస్తుంది, నేను తింటాను.

కౌలు రాసేటప్పుడు జమీందారు మనుషులు గొలుసు తెచ్చి కొలిచారు. నేను పొయ్యి పక్కనే కూర్చుని, వాళ్ళు ఒకరికొకరు పైకి చెప్పుకుంటుంటే విన్నాను. పొయ్యి నుంచి వాగు దాకా, తూర్పు రాయి నుంచి పడమటి రాయి దాకా, ముప్పాతిక ఎకరం, పైన పద్నాలుగు చదరపు గజాలు.